పాత కరెంటు కారు: రంగు కాదు, బ్యాటరీ సూడు

పలాస, టెక్కలి కుర్రోళ్లు ఈమధ్య తరసూ అడుగుతన్నారు: "అన్నా, సెకండ్ హ్యాండ్‌లో టియాగో ఈవీ వస్తంది, తీసుకోవచ్చా?" తీసుకోవచ్చు తమ్ముడూ. కానీ రంగు సూసి కాదు, బ్యాటరీ సూసి.

టాటా కంపెనీ ఈ బండిని 2022 సెప్టెంబర్‌లో తెచ్చింది. బ్యాటరీలు రెండు రకాలు: 19.2, 24 కిలోవాట్ అవర్లు. అప్పట్లో కంపెనీ చెప్పిన మైలేజీ 250, 315 కిలోమీటర్లు. అది పరీక్ష లెక్క. ఏసీ వేసి, నలుగురితో హైవే మీద తోలితే అంత రాదు. బండి పాతబడేకొద్దీ ఇంకా తగ్గుతాది.

ఇంజినాయిలు, క్లచ్ ప్లేట్ల ఖర్చు నేదు. అసలు ఖరీదంతా బ్యాటరీలోనే ఉంది. కొత్తలో బ్యాటరీకి, మోటారుకి 8 ఏళ్లు లేదా 1,60,000 కిలోమీటర్లు, ఏది ముందైతే అది వారంటీ ఇచ్చారు. 2023లో రోడ్డెక్కిన బండికి 2031 దాకా. రెండో ఓనరుకి అది వర్తిస్తాదా అన్నది నోటి మాటగా కాదు, కాగితం మీద తీసుకో.

కొనేముందు:

• సర్వీస్ సెంటర్లో బ్యాటరీ ఆరోగ్యం రిపోర్టు తీయించు.
• ఫుల్ చార్జింగ్‌తో 50 శాతం దాకా తోలు. వచ్చిన కిలోమీటర్లని రెండింతలు చెయ్యి. నీ బండి సత్తా సుమారుగా అదే.
• కింద తుప్పు సూడు. మనది ఉప్పుగాలి.
• బోనెట్ కింద చిన్న 12 వోల్టుల బ్యాటరీ వయసు అడుగు. అది పోతే బండి లెగదు.
• మీ ఇంట్లో 15 యాంప్స్ ప్లగ్గు, సరైన ఎర్తింగ్ ఉన్నాయా?

ఉద్దానంలో కారంటే షోకు కాదు. వారానికి రెండు మూడుసార్లు డయాలసిస్‌కి తిరిగే ఇళ్లు మనవి. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి 2023 డిసెంబర్‌లో తెరిచారు. అక్కడిదాకా రానుపోను ఈ బండి సాలు. విశాఖ పొమ్మంటే మాత్రం సుమారు 180 కిలోమీటర్లు. దారిలో చార్జింగ్ ఎక్కడో ముందే సూసుకోవాల.

2018 అక్టోబర్ 11న తిత్లీ కొట్టినప్పుడు రోజుల తరబడి కరెంటు నేదు. తుపాను కబురు రాగానే ఫుల్ చార్జింగ్ పెట్టేసుకో.

నానడిగేది రెండే. పాత కారు అమ్మేవోడు బ్యాటరీ రిపోర్టు ఇచ్చితీరాలని రూలు పెట్టాల. రోగుల్ని తెచ్చే బండ్లకి పలాస ఆస్పత్రి దగ్గర చార్జింగ్ ఉండాల. ఇవి ప్రభుత్వం సెయ్యలేనంత పెద్ద పనులేటి?