గ్రాండ్ ప్రి లెజెండ్స్: కారు కారుకీ తేడా తెలిసిన ఆట

గ్రాండ్ ప్రి లెజెండ్స్ 1998లో వెలువడిన కంప్యూటర్ కార్ రేసింగ్ ఆట. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రానికి చెందిన పాపిరస్ సంస్థ దీన్ని తయారుచేసింది, సియెర్రా సంస్థ విడుదల చేసింది. 1967 నాటి ఫార్ములా వన్ పోటీలు ఇందులోని వస్తువు. బజారులో ఇది పెద్దగా అమ్ముడుపోలేదు. అయినా రేసు కార్ల హ్యాండ్లింగును, అంటే డ్రైవరు చెప్పినమాట కారు ఎంతవరకు వింటుందన్న సంగతిని, ఆటలో చూపించడం గురించి మాట వస్తే నేటికీ మొదట వినిపించే పేరు ఇదే. అంతకుముందు ఆటల్లో చాలావాటిలో కార్ల మధ్య తేడా గరిష్ఠ వేగమనీ, పికప్ అనీ అంకెల్లో కనిపించేది. ఇందులో అది చేతికీ కాలికీ తెలిసింది.

దీనికి ముందు

1982లో జపాన్‌కు చెందిన నామ్కో సంస్థ పోల్ పొజిషన్ అనే ఆర్కేడ్ ఆటను తెచ్చింది. ఫుజి స్పీడ్‌వే మీద పరుగు, రెండే గేర్లు. మలుపులో వేగం ఎక్కువైతే టైర్లు కీచుమనేవి, కారు బయటివైపు కొట్టుకుపోయేది. అంతకుమించి అందులో లెక్క లేదు. కారు ఎటు జారుతోంది, ముందు చక్రాలు జారాయా వెనకవా అన్న ప్రశ్నకే తావులేదు.

ఆ ప్రశ్నను ఇంటి కంప్యూటర్ మీదికి తెచ్చినవాడు బ్రిటన్‌కు చెందిన జెఫ్ క్రామండ్. 1984లో ఆయన రాసిన రెవ్స్ 32 కిలోబైట్ల జ్ఞాపకశక్తి ఉన్న బీబీసీ మైక్రో కంప్యూటర్ మీద నడిచింది. సిల్వర్‌స్టోన్ ట్రాకు, ఒకే ఒక ఫార్ములా త్రీ కారు. అప్పట్లో ఆ పోటీల్లో పాల్గొంటున్న డేవిడ్ హంట్ సలహాలిచ్చాడు. ఈయన 1976 ప్రపంచ విజేత జేమ్స్ హంట్ తమ్ముడు. ఇప్పుడు చూస్తే తెర మీద గీతలూ రంగు పట్టీలూ తప్ప ఏమీ ఉన్నట్టు అనిపించదు. కానీ ఆట మొదలుపెట్టిన ప్రతివాడూ మొదటి మలుపులోనే గడ్డిలోకి పోయేవాడు. ఈ జాతి ఆటలకు అదే జన్మలక్షణం.

1989లో రెండు సంగతులు జరిగాయి. అటారి గేమ్స్ సంస్థ తెచ్చిన హార్డ్ డ్రైవిన్ ఆర్కేడ్ యంత్రంలో తాళంచెవి తిప్పి బండి స్టార్ట్ చెయ్యాలి, క్లచ్ తొక్కి గేరు మార్చాలి. స్టీరింగుకు మోటారు బిగించడంతో టైరు పడే పాట్లు చేతికి అందేవి. కారు నమూనాకు సాయపడినవాడు డగ్ మిల్లికెన్. ఇతను తండ్రి విలియంతో కలిసి 1995లో రాసిన రేసు కార్ల గతిశాస్త్ర గ్రంథం ఆ శాస్త్రం చదివే విద్యార్థులకు పాఠ్యపుస్తకమైంది.

రెండోది, డేవిడ్ కేమర్, ఒమర్ ఖుదారి స్థాపించిన పాపిరస్ నుంచి ఇండియానాపొలిస్ 500: ద సిమ్యులేషన్ రావడం. 33 కార్లు బారులు తీరే ఈ ఆటలో ఆటగాడు పెన్స్కీ-షెవర్లే, లోలా-బ్యూక్, మార్చ్-కాస్వర్త్ అనే మూడింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. పరుగు తరవాత టైర్ల వేడి చూసుకుని సెటప్ మార్చుకోవచ్చు. కారుతో కారును పోల్చే అలవాటు పాపిరస్ ఆటల్లో ఇక్కడే మొలకెత్తిందని చెప్పొచ్చు. తరవాత ఇండీకార్ రేసింగ్ (1993), నాస్కార్ రేసింగ్ (1994) వచ్చాయి. ఈ రెండింటిలో రెండోది డబ్బు తెచ్చిపెట్టింది.

1967 ఎందుకు?

తమకు బాగా అచ్చొచ్చిన నాస్కార్‌ను పక్కనబెట్టి ముప్పై ఏళ్ల కిందటి పోటీలను ఎంచుకోవడం వ్యాపారం తెలిసినవాళ్లు చేసే పని కాదు. కారు నడక తెలిసినవాళ్లు మాత్రం అదే చేస్తారు. 1966లో ఫార్ములా వన్ ఇంజిన్ పరిమితిని ఒకటిన్నర లీటర్ల నుంచి మూడు లీటర్లకు పెంచారు. శక్తి ఒక్కసారిగా పెరిగింది. కారును నేలకు అదిమిపట్టే రెక్కలు 1968లో గాని రాలేదు. ఈ రెంటికీ నడుమ ఏళ్లలో కార్లకు గుర్రాలు ఎక్కువ, కళ్లాలు తక్కువ. సన్నటి టైర్ల మీద అయిదు వందల కిలోలకు అటూఇటూగా ఉన్న బండి, అందులో మూడు నాలుగు వందల హార్స్‌పవర్. మలుపులో నాలుగు చక్రాలూ కొంచెం కొంచెం జారుతూనే ఉంటాయి. స్టీరింగుతో ఎంత తిప్పుతామో యాక్సిలరేటర్‌తోనూ అంత తిప్పాలి.

ఆట రాసేవాడికి ఇందులో ఒక పరీక్ష కూడా ఉంది. రెక్కలున్న కారులో టైరు లెక్క తప్పినా గాలి ఒత్తిడి దాన్ని కొంత కప్పిపుచ్చుతుంది. 1967 కారులో దాక్కోవడానికి చోటులేదు.

ఆటలో మొత్తం పదకొండు ట్రాకులు. ఆ ఏడాది ఫ్రెంచి పోటీ నిజానికి లెమాన్స్‌లోని బుగాటీ ట్రాకు మీద జరిగింది. అది చప్పగా ఉంటుందనే పేరు. దాని బదులు రువాన్ కొండదారిని ఆటలో పెట్టారు. చరిత్రకు ఇది అపచారమే అయినా నొచ్చుకున్నవాళ్లు తక్కువ. సుమారు 14 కిలోమీటర్ల పాత స్పా, 22 కిలోమీటర్లు దాటే నూర్‌బర్గ్‌రింగ్ కూడా ఉన్నాయి. నూర్‌బర్గ్‌రింగ్ మలుపులు గుర్తుపెట్టుకోవడానికే వారాలు పట్టేది.

టైరు లెక్క

హ్యాండ్లింగ్ అంతా చివరికి నాలుగు అరచేతులంత రబ్బరు మీద ఆధారపడిన వ్యవహారం. చక్రం చూసే దిక్కుకూ అది నిజంగా కదిలే దిక్కుకూ మధ్య ఎప్పుడూ చిన్న కోణం ఉంటుంది. దాన్ని స్లిప్ యాంగిల్ అంటారు. ఆ కోణం పెరిగేకొద్దీ పక్కకు పట్టే పట్టు పెరుగుతుంది. ఒక చోట శిఖరానికి చేరుతుంది. అది దాటితే తగ్గుతుంది. నెదర్లాండ్స్‌లోని డెల్ఫ్ట్ సాంకేతిక విశ్వవిద్యాలయానికి చెందిన హన్స్ పాసెయ్కా ఈ వంపు గీతకు 1980లలో ఒక సూత్రం కట్టాడు. కొలతలకు అతికినట్టు సరిపోతుంది కాబట్టి దానికి మ్యాజిక్ ఫార్ములా అని పేరొచ్చింది. ఎందుకు సరిపోతుందో ఆ సూత్రం చెప్పదు. ఈ లోటే ఆ తరవాత కేమర్‌ను చాలాకాలం వెంటాడింది.

పట్టు మరో రెండు విషయాలను బట్టి మారుతుంది. ఒకటి, టైరు మీద పడే బరువు. బ్రేకు వేస్తే బరువు ముందుకు పోతుంది, యాక్సిలరేటర్ తొక్కితే వెనక్కి వస్తుంది. రెండు, ఉన్న పట్టును దేనికి వాడుతున్నామన్నది. బ్రేకుకు వాడిన పట్టు మలుపుకు మిగలదు. ఇంటి ఖర్చుల లెక్క లాంటిదే, ఒక పద్దులో ఎక్కువ రాస్తే ఇంకో పద్దు చిక్కిపోతుంది. గ్రాండ్ ప్రి లెజెండ్స్ ఈ లెక్కను నాలుగు చక్రాలకూ విడివిడిగా, క్షణంలో అనేకసార్లు వేసింది. బొమ్మ మాత్రం సెకనుకు 36 సార్లకు మించి మారేది కాదు. అప్పటి కంప్యూటర్లకు అదీ భారమే. వూడూ లాంటి గ్రాఫిక్స్ కార్డు లేనివాళ్లకు ఆట ఈడ్చుకుంటూ నడిచేది. అమ్మకాలు దెబ్బతినడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

ఏడు కార్లు

ఆటలో ఏడు కార్లున్నాయి. లోటస్, బ్రాబం, ఈగిల్, ఫెరారీ, బీఆర్ఎం సొంత పేర్లతోనే వచ్చాయి. పేరు వాడుకునే హక్కులు కుదరక కూపర్ కారు కోవెంట్రీ అయింది, హోండా కారు మురసామా అయింది.

లోటస్ 49ను కోలిన్ చాప్‌మన్, మారిస్ ఫిలిప్ రూపొందించారు. ఫోర్డ్ ఇచ్చిన లక్ష పౌండ్లతో కాస్వర్త్ సంస్థ తయారుచేసిన డీఎఫ్‌వీ వి-8 ఇంజిన్‌దే వెనక భాగాన్ని మోసే పని కూడా. 1967 జూన్ 4న జాండ్‌వోర్ట్‌లో తొలి పోటీలోనే జిమ్ క్లార్క్ దాన్ని గెలిపించాడు. దాదాపు 400 హార్స్‌పవర్ ఉన్నా ఆ శక్తి సమంగా రాదు. ఇంజిన్ తక్కువ చక్కర్లు తిరుగుతున్నప్పుడు మందంగా ఉండి, ఒక హద్దు దాటగానే తన్నుకొస్తుంది. మలుపు మధ్యలో అలా తన్నుకొస్తే వెనక చక్రాలు పట్టు వదిలేస్తాయి. ఆటలో అత్యంత వేగమైన కారు ఇదే, కొత్తవాళ్లను ఎక్కువగా గోడకు కొట్టిందీ ఇదే.

ఆ ఏడాది ప్రపంచ విజేత లోటస్ కాదన్న సంగతి ఆట ఆడితే అర్థమవుతుంది. డెనీ హల్మ్ గెలిచింది బ్రాబం జట్టులో. రాన్ టారనాక్ గీసిన బీటీ-24లో రెప్కో ఇంజిన్ శక్తి 330 హార్స్‌పవర్ దగ్గరే ఆగింది. కానీ బండి తేలిక, శక్తి మెత్తగా వస్తుంది, చెప్పినచోట తిరుగుతుంది. మొనాకో లాంటి ఇరుకు దారుల్లో దీన్ని పట్టుకోవడం కష్టం. స్పా పొడవాటి దారి మీద మాత్రం అందరూ దాటిపోతుంటే చూస్తూ ఉండాల్సిందే.

ఈగిల్ అందగత్తె. ఆ ఏడాది జూన్ 18న డాన్ గర్నీ స్పాలో గెలిచింది దీని మీదే. వెస్లేక్ వి-12 ఇంజిన్‌ను పై చక్కర్లలో ఉంచినంతసేపూ పాట పాడుతుంది. ఫెరారీ 312 ఆ ఏడాది ప్రపంచ చాంపియన్‌షిప్‌లో ఒక్క పోటీ గెలవలేదు. ఆటలో మాత్రం పొరపాటును మన్నించే కారుగా దానికి మంచి పేరుంది. వెనక భాగం జారేముందు ఫెరారీ ఒక మాట చెప్పి జారుతుంది, లోటస్ చెప్పకుండా జారుతుంది. నాకు ఈ రెంటిలో ఫెరారీయే ఇష్టం. వేగం కంటే సంసారం ముఖ్యమనుకునే వయసు ప్రభావం కావచ్చు.

బీఆర్ఎం కథ వేరు. రెండు ఎనిమిది సిలిండర్ల ఇంజిన్లను ఒకదాని మీద ఒకటి పెట్టి హెచ్-16 అన్నారు. బరువు తడిసి మోపెడైంది. ఆ ఇంజిన్ గెలిచిన ఒకే ఒక్క ప్రపంచ చాంపియన్‌షిప్ పోటీ 1966లో వాట్కిన్స్ గ్లెన్‌లో జరిగింది, అదీ లోటస్ కారులో. ఆటలో ఆ బరువంతా చేతికి తెలుస్తుంది. కోవెంట్రీ, మురసామా కూడా బరువైనవే. రెండోదానికి శక్తి ఉంది, మొదటిదానికి అదీ అంతంతే.

ఈ తేడాలు దగ్గరగా చూడాలంటే క్యాలామీలో క్రౌథార్న్ మలుపుకు పోవాలి. పొడవాటి తిన్నని దారి పల్లంలోకి దిగి కుడికి తిరుగుతుంది. పల్లం కాబట్టి వెనక చక్రాలు అప్పటికే తేలికగా ఉంటాయి. బ్రేకు తొక్కగానే ఇంకా తేలికవుతాయి. బ్రేకు వదలకుండా స్టీరింగ్ తిప్పితే బీఆర్ఎం ముక్కు తిరగకుండా తిన్నగా ఇసుకవైపు పోతుంది. లోటస్‌లో అదే పని చేస్తే తోక ముందుకొచ్చేస్తుంది. భయపడి యాక్సిలరేటర్ మీది కాలు ఒక్కసారిగా తీసేస్తే మరీ దారుణం, ఉన్న కాస్త బరువూ వెనక చక్రాల మీద నుంచి పోతుంది. కాలు తియ్యకుండా ఇంకొంచెం తొక్కాలి. ఈ ఒక్క సంగతి ఒంటికి ఎక్కడానికి మనిషికి కొన్ని రాత్రులు పట్టేది. వెనక చక్రాల మధ్య ఉండే డిఫరెన్షియల్ కాలు తీసినప్పుడు ఎంత బిగుసుకోవాలో, తొక్కినప్పుడు ఎంత బిగుసుకోవాలో వేరువేరుగా అమర్చుకునే వీలు ఆటలో ఉంది. సెటప్ చేసుకోవడం వచ్చినవాళ్లు లోటస్‌ను అక్కడే లొంగదీశారు.

ఆటగాళ్ల కొలమానం

కంప్యూటర్ నడిపే ప్రత్యర్థుల కంటే గడియారమే ఈ ఆటలో అసలు ప్రత్యర్థి అయింది. జీపీఎల్ ర్యాంక్ అనే పద్ధతి పుట్టింది. పదకొండు ట్రాకుల్లోనూ ఆటగాడి ఉత్తమ సమయాన్ని ఒక ప్రమాణ సమయంతో పోల్చి, తేడాలన్నీ కూడతారు. మొత్తం సున్నాకు కిందికి దిగితే, అంటే మైనస్‌లోకి పోతే, ఆ మనిషి చెయ్యి తిరిగినవాడని లెక్క. ఈ పోటీలో చాలామంది లోటస్ వైపు మొగ్గారు. బీఆర్ఎంతోనో కోవెంట్రీతోనో మైనస్ సాధించినవాళ్లకు వేరే గౌరవం ఉండేది.

అభిమానులు ఊరుకోలేదు. 1955, 1965, 1969 నాటి కార్లను సొంతంగా తయారుచేసి ఆటలో చేర్చారు. 1969 కారుకు రెక్కలుంటాయి. ఒకే ఆటలో ఆ కారునూ 1967 కారునూ వెంటవెంటనే నడిపితే రెక్క ఏం చేసిందో పుస్తకం చదవకుండానే తెలిసిపోతుంది.

పాపిరస్ తరవాత

2004లో పాపిరస్ మూతపడింది. కేమర్ వ్యాపారవేత్త జాన్ హెన్రీతో కలిసి కొత్త సంస్థ పెట్టాడు. 2008లో ఐరేసింగ్ విడుదలైంది. ఇందులో ట్రాకులను లేజరుతో కొలిచి గుంతలతో సహా ఎక్కించారు, గతి లెక్కలను సెకనుకు 360 సార్లు వేస్తారు. టైరును సూత్రంతో అతికించే పద్ధతి చాలదని, రబ్బరు వేడెక్కడం, సాగడం, జారడం వంటి మూల కారణాల నుంచే పట్టును లెక్కగట్టాలని కేమర్ పూనుకున్నాడు. ఆ పని ఏళ్లతరబడి సాగింది.

ఇటలీకి చెందిన కునోస్ సంస్థ 2014లో అసెట్టో కోర్సా తెచ్చింది. ఐరేసింగ్‌లోనూ ఇందులోనూ లోటస్ 49 ఉంది. దాంతో పోలిక తిరగబడింది. ఒక ఆటలో ఏడు కార్లను పోల్చినవాళ్లు ఒకే కారును మూడు ఆటల్లో పోల్చడం మొదలుపెట్టారు. జవాబు తేలదు. అసలు లోటస్ 49 నడిపినవాళ్లు చాలా కొద్దిమంది. తక్కిన మనమంతా 1998 నాటి ఆట నేర్పిన లోటస్‌నే కొలబద్దగా పట్టుకుని కొత్తవాటిని తూస్తున్నాం.

అదే కునోస్ 2019లో తెచ్చిన అసెట్టో కోర్సా కంపెటిజియోనేలో ఈ చర్చ మరో మలుపు తిరిగింది. అందులోని జీటీ3 కార్లకు నిజమైన పోటీల్లో లాగే బరువూ శక్తీ సరిదిద్ది ల్యాప్ సమయాలను దగ్గరకు తెస్తారు. గడియారం మీద అన్నీ ఒకటే. కానీ ఇంజిన్ వెనక ఉన్న పోర్షే మలుపులోకి పోయేటప్పుడు ముక్కు తేలికై ముందు చక్రాలు జారతాయి, బయటికి వచ్చేటప్పుడు వెనక బరువు వల్ల గట్టిగా పట్టి తోస్తుంది. ఇంజిన్ ముందున్న బెంట్లీని నడపడానికి వేరే ఓపిక కావాలి. క్రౌథార్న్ దగ్గర లోటస్‌కూ బీఆర్ఎంకూ ఉన్న తేడా లాంటిదే ఇదీ, కాకపోతే ఇక్కడ రెండు కార్లూ గీతను ఇంచుమించు ఒకేసారి దాటుతాయి.