ఒకే బ్యాండ్, ముప్పై ఏళ్ల రికార్డులు: క్యాసెట్ నుంచి స్ట్రీమింగ్ దాకా ఇండియన్ ఓషన్

ఎపిసోడ్ మొదలుపెట్టే ముందు చిన్న పని. ఫోన్‌లో మీ ప్లేలిస్ట్ తెరవండి. సినిమాతో సంబంధం లేని పాటలు అందులో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టండి. భక్తి పాటలు, పెళ్లి డీజే మిక్సులు లెక్కలోకి రావు. చాలామందికి ఒక చేతి వేళ్లు కూడా నిండవు.

దెందులూరులో పెరిగిన నాకూ అంతే. మాకు పాట అంటే సినిమా పాట. పండక్కి మైకులో మోగేది అదే, ఏలూరు బస్సులో వినిపించేది అదే. బీటెక్‌లో కాలేజీ ఫెస్ట్ రోజు మా సీనియర్లు గిటార్లు తగిలించుకుని స్టేజీ ఎక్కారు. వాళ్లు వాయించిందీ అదే!

అందుకే ఈసారి ఇండియన్ ఓషన్ అనే బ్యాండ్ కథ చెప్తాను. ఢిల్లీ వాళ్లు. 1990లో మొదలై ఇప్పటికీ నడుస్తున్నారు. క్యాసెట్ కాలంలో, సీడీ కాలంలో, ఎంపీ3 కాలంలో, ఇప్పటి స్ట్రీమింగ్ కాలంలో కూడా వాళ్ల రికార్డులు ఉన్నాయి. వాటిని వరసగా పేరిస్తే, మన దేశం పాట వినే పద్ధతి ఎలా మారిందో అర్థమైపోతుంది. చివర్లో గోదావరి దగ్గరికి వస్తాను. ఈ కథలో మనకి నిజంగా పనికొచ్చే ముక్క అక్కడుంది.

క్యాసెట్ కాలం

ముందు మనుషులెవరో చూద్దాం. సుస్మిత్ సేన్ గిటార్ వాయిస్తాడు. అషీమ్ చక్రవర్తి తబలా వాయిస్తూ పాడతాడు. వీళ్లిద్దరూ కలిసి పెట్టిన బ్యాండ్ ఇది. 1991లో రాహుల్ రామ్ బాస్ గిటార్‌తో వచ్చాడు. ఈయన అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ చేసి, తిరిగొచ్చి నర్మదా బచావో ఆందోళనలో పనిచేసిన మనిషి. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత కావాలి. 1994లో డ్రమ్స్ మీదకి అమిత్ కిలామ్ వచ్చాడు. ఈ నలుగురే పదిహేనేళ్లు కలిసి వాయించారు.

రాక్ బ్యాండ్ అంటే గిటార్, బాస్, డ్రమ్స్. వీళ్లు ఆ మధ్యలో తబలా పెట్టారు. గిటార్ మీద వాయించేదేమో మన రాగాల పద్ధతి. అప్పట్లో ఢిల్లీ కాలేజీల్లో బ్యాండ్ అంటే ఇంగ్లీషు పాటల్ని ఉన్నదున్నట్టు వాయించడమే. సొంత పాటలు కడతామంటే వినేవాళ్లు తక్కువ.

మొదటి ఆల్బమ్ 1993లో వచ్చింది. హెచ్ఎంవీ కంపెనీ. అదే, మన ఘంటసాల రికార్డులు వేసిన కుక్కబొమ్మ కంపెనీ. ఆల్బమ్ పేరు కూడా 'ఇండియన్ ఓషన్' అనే పెట్టారు. అందులో పాడింది తక్కువ, వాయించింది ఎక్కువ. ఆ రోజుల్లో పాట జనంలోకి వెళ్లాలంటే కంపెనీ కావాలి, స్టూడియో కావాలి, ఊరూరా క్యాసెట్ కొట్టు కావాలి. ఆ మూడూ కంపెనీ చేతిలోనే ఉంటాయి. కంపెనీ రెండో క్యాసెట్ వెయ్యకపోతే బ్యాండ్ ఇంట్లో కూర్చోవాలి. చాలా బ్యాండ్ల కథ అక్కడే ముగిసింది.

రోడ్డు మీద పుట్టిన ఆల్బమ్

వీళ్ల కథ ఎందుకు ముగియలేదంటే, రెండో ఆల్బమ్ కోసం స్టూడియో దాకా వెళ్లలేదు కాబట్టి.

సఫ్దర్ హష్మీ పేరు వినే ఉంటారు. 1989 జనవరి 1న ఢిల్లీ పక్కన సాహిబాబాద్‌లో వీధి నాటకం ఆడుతుంటే ఆయన మీద దాడి చేశారు. మర్నాడు చనిపోయాడు. ఆయన పేరు మీద పెట్టిన సహమత్ సంస్థ ప్రతి జనవరి 1న ఢిల్లీలో కళాకారుల సభ జరుపుతుంది. 1997 జనవరి 1న ఆ సభలో ఇండియన్ ఓషన్ వాయించింది. ఆ రోజు లైవ్‌లో రికార్డయిందే 'డెజర్ట్ రెయిన్' ఆల్బమ్.

ఆలోచించండి. డిసెంబర్, జనవరిల్లో ఢిల్లీ చలి ఎలా ఉంటుందో తెలుసుగా. ఆరుబయట జనం ముందు ఒకేసారి వాయించెయ్యాలి, రీటేక్ ఉండదు. అలా వాయించగలిగారంటే, అప్పటికే ఆ పాటల్ని ఎన్నో కచేరీల్లో అరగదీసి ఉండాలి. నా భాషలో చెప్పాలంటే, ముందు ప్రొడక్షన్‌లో నడిపించి ఆ తర్వాత రిలీజ్ చేశారు. స్టూడియోలో వండిన పాటకీ, జనం ముందు మరిగిన పాటకీ తేడా ఆ ఆల్బమ్‌లో వినిపిస్తుంది.

కందిసా: పక్కవాడి పాట

2000లో టైమ్స్ మ్యూజిక్ నుంచి 'కందిసా' వచ్చింది. దేశమంతా వీళ్ల పేరు తెలిసింది దీంతోనే. సీడీలు, కాలేజీ హాస్టళ్లలో చేతులు మారిన కాపీలు, అలా పాకిపోయింది.

ఇందులో పాటలు ఎక్కడివో చూడండి. 'కందిసా' అనేది కేరళ సిరియన్ క్రైస్తవుల పాత ప్రార్థన. భాష సిరియాక్, అంటే ఏసుక్రీస్తు మాట్లాడిన అరామిక్ భాషకి చుట్టం. 'హిల్లే లే' గోరఖ్ పాండే రాసిన కవిత. ఇక 'మా రేవా'. రేవా అంటే నర్మదా నదికి ఇంకో పేరు. నర్మద ఒడ్డున జనం పాడుకునే పాట అది. రాహుల్ రామ్ ఆందోళనలో ఉన్నప్పుడు నేర్చుకున్నాడు. సర్దార్ సరోవర్ డ్యామ్ కింద ఊళ్లు మునిగిపోతాయని ఆ జనం ఏళ్ల తరబడి పోరాడారు. అక్కడి పాట బాస్ గిటార్‌తో, డ్రమ్స్‌తో బెంగళూరు కాలేజీ కుర్రాళ్ల గదుల దాకా చేరింది.

2003లో వచ్చిన 'ఝీని'కి పేరు కబీర్ నుంచే. చూశారుగా వరస: చర్చిలో పాట, నది ఒడ్డు పాట, కబీర్ మాట. వీళ్లు అన్నీ తామే పుట్టించాలని కూర్చోలేదు. ఎక్కడో బతుకుతున్న పాటని పట్టుకుని తమ వాయిద్యాల మీద నిలబెట్టారు.

సినిమా పిలిచినప్పుడు

తర్వాత సినిమా వచ్చింది. అనురాగ్ కశ్యప్ తీసిన 'బ్లాక్ ఫ్రైడే', 1993 బొంబాయి పేలుళ్ల మీద సినిమా. దీనికి సంగీతం ఇండియన్ ఓషన్. కేసు విచారణ నడుస్తోందని కోర్టు రిలీజ్ ఆపింది. సినిమా హాల్లోకి రావడానికి 2007 ఫిబ్రవరి అయింది. ఈ లోపు పీయూష్ మిశ్రా రాసిన 'బందే' పాట మాత్రం సినిమా కంటే ముందే జనంలో తిరిగేసింది. తర్వాత 2010లో 'పీప్లీ లైవ్'లో పాట, 2015లో 'మసాన్' సంగీతం కూడా చేశారు.

మన దగ్గర ఏం జరుగుతుందో కూడా చూద్దాం. హైదరాబాద్‌లో చౌరస్తా బ్యాండ్ సొంత తెలుగు పాటలతో పేరు తెచ్చుకుంది. అందులోంచి వచ్చిన రామ్ మిరియాల 2021లో 'జాతిరత్నాలు'లో 'చిట్టి' పాడాడు. పాట ఇంటింటికీ వెళ్లింది. తప్పేం కాదు, పాటగాడు కూడా తినాలి కదా. కానీ తెలుగులో సినిమా అంత పెద్ద డబ్బు ఇంకెక్కడా లేదు. అందుకే మన బ్యాండ్లకి సినిమా చివరి స్టాప్‌లా ఉంటుంది. ఇండియన్ ఓషన్‌కి అది మధ్యలో ఒక స్టేషన్. దిగారు, టీ తాగారు, మళ్లీ బండెక్కారు.

ఫ్రీగా ఇచ్చేసిన ఆల్బమ్

2009 డిసెంబర్ 25న అషీమ్ చక్రవర్తి గుండెపోటుతో చనిపోయాడు. బ్యాండ్ పెట్టిన ఇద్దరిలో ఒకడు, ముఖ్యమైన గొంతు. అప్పటికే ఆయన గొంతుతో కొన్ని పాటలు రికార్డయి ఉన్నాయి.

2010లో వాటిని బయటికి తెచ్చారు. ఎలా అనుకున్నారు? నెలకో పాట చొప్పున, ఇంటర్నెట్‌లో ఫ్రీ డౌన్‌లోడ్. ఆల్బమ్ పేరు '16/330 ఖజూర్ రోడ్'. కరోల్ బాగ్‌లో వాళ్లు ఏళ్ల తరబడి ప్రాక్టీస్ చేసిన పాత ఇంటి అడ్రస్ అది.

ఈ నిర్ణయం వెనక లెక్క ఉంది. అప్పటికి సీడీ అమ్మకాలు పడిపోయాయి. రిలీజైన రోజే పైరసీ ఎంపీ3 వచ్చేస్తోంది. క్యాసెట్టో సీడీయో అమ్మితే కళాకారుడి చేతికొచ్చేది ఎప్పుడూ కొంచెమే, బ్యాండ్‌కి బువ్వ పెట్టేది కచేరీలు. అలాంటప్పుడు పాటకి తాళం వెయ్యడం దేనికి? పాట ఊరూరా తిరిగితే కచేరీకి జనం వస్తారు. 1993లో కంపెనీ తలుపు తట్టినవాళ్లు, 2010కి కంపెనీతో పని లేకుండా నేరుగా వినేవాడి ఫోల్డర్‌లోకి వచ్చేశారు.

మనుషులు మారాక

2013లో సుస్మిత్ సేన్ కూడా వెళ్లిపోయాడు. అంటే బ్యాండ్ పెట్టిన ఇద్దరూ లేరు. పాత బండికి చక్రాలు, ఇంజన్ మార్చేస్తే అది పాత బండేనా అని అడుగుతాం కదా, అదే ప్రశ్న. గిటార్‌కి నిఖిల్ రావు, పాటకి హిమాంశు జోషి, తబలాకి తుహిన్ చక్రవర్తి వచ్చారు. 2014లో 'తందాను' ఆల్బమ్. శంకర్ మహదేవన్, శుభా ముద్గల్, విశ్వమోహన్ భట్ లాంటి పెద్దవాళ్లని పిలిచి వాయించారు. ఆ తర్వాత తొమ్మిదేళ్లకి, 2023లో 'తూ హై'. ఇది పూర్తిగా స్ట్రీమింగ్ కాలం ఆల్బమ్.

నా అభిప్రాయం చెప్తాను. సుస్మిత్ గిటార్ లేని లోటు వినిపిస్తుంది, దాచక్కర్లేదు. అషీమ్ గొంతులో ఉన్న ఆ జీర ఇంకెవరికీ రాదు. కానీ పద్ధతి మారలేదు: ముందు జనం ముందు వాయించు, తర్వాత రికార్డు చెయ్యి, నీది కాని పాటని గౌరవంగా తెచ్చుకో. మనుషులు మారినా బ్యాండ్ నిలిచింది ఈ పద్ధతి మీదే.

ఇక గోదావరి

'తందాను' అనే మాట వినగానే మన చెవికి ఏం తగిలింది? తందాన తాన! బుర్రకథ. మధ్యలో తంబురాతో కథకుడు, అటూ ఇటూ గుమ్మెటలతో ఇద్దరు వంతలు. ముగ్గురి బ్యాండ్. తీగ వాయిద్యం, తాళం, కోరస్, మధ్యలో రాజకీయం, హాస్యం. షేక్ నాజర్ ప్రజానాట్యమండలి రోజుల్లో వేలమందిని కూర్చోబెట్టింది దీంతోనే. కాబట్టి బ్యాండ్ అనేది మనకి కొత్త కాదు. బెంగళూరు బ్యాండ్ అగమ్ త్యాగరాజ కీర్తనల్ని రాక్‌లో పాడుతుంటే మన ఫోన్లలో వింటున్నాం. మాటలు మన తెలుగు, బ్యాండ్ పక్క రాష్ట్రానిది.

ఇప్పుడు అసలు విషయం. నర్మద మీద డ్యామ్ కట్టినప్పుడు అక్కడి పాట ఒకటి ఆల్బమ్‌లోకి ఎక్కింది. మన గోదావరి మీద పోలవరం కడుతున్నారు. లక్షకు పైగా కుటుంబాలు కదలాలి. అందులో కోయలు, కొండరెడ్లు చాలామంది. ప్రాజెక్టు మంచిదా చెడ్డదా అనేది ఈ ఎపిసోడ్ విషయం కాదు; డెల్టాలో నీళ్లు తాగి పెరిగిన నేను నీటి విలువ తెలియనివాణ్ణి కాదు. నేను అడిగేది ఒక్కటే. కోయల రేల పాటలు పండగతో, అడవితో, ఆ ఊరి చెట్టుతో కలిసి ఉంటాయి. ఊరు కాలనీకి మారితే ఇల్లు కట్టిస్తారు, రోడ్డు వేస్తారు. పాటకి పునరావాసం ఎవరిస్తారు?

1993లో రికార్డు చెయ్యడానికి హెచ్ఎంవీ కావాల్సి వచ్చింది. ఇప్పుడు ఏలూరులోనో తాడేపల్లిగూడెంలోనో కొన్న మామూలు ఫోన్ చాలు. ఫార్మాట్ సమస్య తీరిపోయింది. తీరనిది రాహుల్ రామ్ చేసిన పని: ఆ ఊరికి వెళ్లడం, వాళ్లతో ఉండటం, పాట నేర్చుకోవడం, అది ఎవరిదో పేరు పెట్టి చెప్పడం. రీల్‌కి బీట్ కావాలని ఒక ముక్క కత్తిరించుకు రావడం ఇందులోకి రాదు.

ఎక్కడ మొదలుపెట్టాలి అంటారా? ముందు 'మా రేవా' వినండి. తర్వాత 'కందిసా'. ఆ రెండూ నచ్చితే 'డెజర్ట్ రెయిన్' మొత్తం, హెడ్‌ఫోన్ పెట్టుకుని, రాత్రిపూట. చివర్లో '16/330 ఖజూర్ రోడ్', అషీమ్ గొంతు కోసం. మీ ఊళ్లో బుర్రకథ చెప్పేవాళ్లు గానీ, నాట్ల పాటలు, పడవ పాటలు వచ్చినవాళ్లు గానీ ఇంకా ఉంటే నాకు రాయండి. కొల్లేరు లంకల నుంచైతే ఇంకా సంతోషం. మైకు పట్టుకుని నేనే వస్తాను. ఉంటాను మరి.