కోల్‌కతా వేసవి తీవ్రతలు

కోల్‌కతాలో ఎండకు ఉక్కపోత తోడవుతుంది. అలీపూర్ వాతావరణ కేంద్రం ఏప్రిల్ రికార్డు 1954 నాటి 43.3 డిగ్రీలు. 2024 ఏప్రిల్ 30న మళ్లీ 43 డిగ్రీలకు చేరింది. అదే రోజు పశ్చిమ మేదినీపూర్ జిల్లా కలైకుండలో 47.2 నమోదైంది.

ఈ వేడికి విరుగుడూ, ఊరికి ముప్పూ కాల్‌బైశాఖి. ఛోటానాగ్‌పూర్ పీఠభూమి వేడికి బంగాళాఖాతపు తేమ తోడై సాయంత్రాల్లో లేచే ఉరుముల గాలివాన ఇది. నిమిషాల్లో ఆకాశం నల్లబడుతుంది, ఉష్ణోగ్రత ఒక్కసారిగా పడిపోతుంది. 2018 ఏప్రిల్ 17న దీని గాలులు గంటకు 98 కిలోమీటర్ల వేగంతో వీచాయి.

వేసవి తుపానుల్లో 2020 మే 20 నాటి అంఫన్ మరపురానిది. నగరంలో వేల చెట్లు కూలాయి. కాలేజీ స్ట్రీట్ అంగళ్లలోని పుస్తకాలు వీధుల నీళ్లలో తేలాయి. హుగ్లీ అవతల శిబ్‌పూర్ ఉద్యానవనంలోని రెండు శతాబ్దాలు దాటిన మహా మర్రి కూడా దెబ్బతింది.