గోపురము – వైద్యశాల

పశ్చిమాఫ్రికాలోని ఐవరీ కోస్టు దేశమునకు మొదటి యధ్యక్షుఁడు ఫెలిక్స్ ఊఫ్వే-బ్వాని. ఆయన 1983లో తన స్వగ్రామమైన యామూసుక్రోను రాజధానిగాఁ జేసెను. అచ్చట 1985లో శంకుస్థాపన జరిగిన క్రైస్తవ దేవాలయము 1989లో పూర్తియయ్యెను. దాని యెత్తు 158 మీటర్లు. రోమునందలి సెయింట్ పీటర్ దేవాలయముకంటె నున్నతము.

ఆ దేశపు సంపదకు మూలము కోకో పండించు రైతు. లోకపు విపణిలో కోకో వెల పడిపోఁగా, ఆ 1989లోనే ప్రభుత్వము రైతునకిచ్చు ధరను కిలోకు 400 ఫ్రాంకులనుండి 200 ఫ్రాంకులకుఁ దగ్గించెను. దేవాలయమునకైన వ్యయము తన సొంత ధనమని అధ్యక్షుఁడు చెప్పెను. మూఁడు దశాబ్దములు దేశము నేలిన వాని సొంత మెక్కడ ముగియును? ప్రజల ధన మెక్కడ మొదలగును? ఆ సమాధానము మాకుఁ దృప్తి నీయదు.

1990లో పోపు రెండవ జాన్ పాల్, చెంత వైద్యశాలయుఁ గట్టవలెనను నియమముతో దేవాలయమును ప్రతిష్ఠించి, వైద్యశాలకు శంకుస్థాపన గావించెను. గోపురము నాలుగేండ్లలో లేచెను; వైద్యశాల తలుపులు 2015లోఁగాని తెఱవఁబడలేదు. నడుమ అంతఃకలహములు వచ్చిన మాట నిజమే. అయినను కలహములు రాకమున్ను పండ్రెండేండ్లు గడచినవి.

భక్తిని మేము నిందింపము. కాని పాలకుల హృదయమును దెలిసికొనఁ గోరువారు గోపురపు టెత్తును గాక, వైద్యశాల పునాదిరాయి ఎన్నేండ్లు ఒంటరిగా నుండెనో లెక్కింపవలయును.