న్యాయవాది పట్టాకు నాటి మెట్లు

మార్కాపురపు పలకపై ఓనమాలు దిద్దిన తెలుగువారికి లెక్కలేదు. ఆ పలకరాయి తీసిన సీమలోనే ఒక బాలుడు న్యాయవాది కాదలచినచో, నూటపాతికేండ్లనాడు ఏమి చదువవలసియుండెనో కొంచెము తలచుకొందము.

అప్పుడు మార్కాపురము, కంభము, గిద్దలూరు ప్రాంతములు కర్నూలు జిల్లాలోనివి. మద్రాసు రాజధానిలో న్యాయవాదులందరు ఒక్క తరగతివారు కారు. పట్టభద్రుడు కాకున్నను ప్లీడరీ పరీక్షలో నెగ్గినవాడు రెండవ తరగతి ప్లీడరు కావచ్చును. అతనికి దిగువ కోర్టులే గతి. బి.ఏ. ముగించి, పిదప ఎఫ్.ఎల్., బి.ఎల్. పరీక్షలు దాటి వకీలైనవానికి హైకోర్టు తలుపులు తెరచుకొనెడివి. ఆ చదువునకై మద్రాసులో లా కాలేజీ 1891లో వెలసెను. అందరికంటె పైమెట్టు బారిష్టరుది. దానికి లండను పోవలెను. అచ్చటి న్యాయవిద్యాశాలలలో పరీక్షలు వ్రాయుటయేగాక, ప్రతి విడతలోను నిర్ణీత సంఖ్యలో విందులకు కూర్చుండవలెను. భోజనము కూడ అర్హతలో భాగమన్నచో మనవారు నవ్వకుందురా!

మెట్టప్రాంతపు కుటుంబమునకు ఈ మెట్లు వట్టి బిరుదులు కావు. కుమారుని మద్రాసులో ఏండ్లకొలది నిలుపుటకు ఎందరికి చేతనగును? కనుక రెండవ తరగతి పట్టాయే చాలునని సరిపెట్టుకొనువారు సరిపెట్టుకొనిరి. కక్షిదారుకును చిక్కే. దావా ఊరిలో పుట్టినను, హైకోర్టుకు పోవుసరికి వాదించు నోరు మారిపోయెడిది.

ఈ ఇబ్బందిని స్వయముగా ఎరిగినవారు టంగుటూరి ప్రకాశము పంతులుగారు. 1872లో వినోదరాయునిపాలెమున జన్మించిరి. తండ్రి పోయిన పిదప తల్లి ఒంగోలులో పూటకూళ్ళు నడిపి పిల్లలను పెంచెను. రాజమహేంద్రవరమున రెండవ తరగతి ప్లీడరుగా వారు పేరును ధనమును గడించిరి; అయినను హైకోర్టున నోరు విప్పుటకు వీలులేకపోయెను. ముప్పదిరెండవ యేట, 1904లో, ఇంగ్లండుకు బయలుదేరి, 1907లో బారిష్టరై మద్రాసు చేరిరి. అంత శ్రమపడి సాధించిన వృత్తిని సహాయనిరాకరణోద్యమమునకై 1921లో విడిచిపెట్టిరి. మనకు ఆ విడిచిపెట్టుటకంటె, ముప్పది దాటిన పిదప మరల విద్యార్థి యగుటయే ఎక్కువ సాహసముగ తోచును. 1970లో మార్కాపురము, గిద్దలూరు తాలూకాలు చేరిన ఒంగోలు జిల్లాకు 1972లో వారి పేరే పెట్టిరి.

స్త్రీలకు ఈ వృత్తిలో అడ్డు 1923 చట్టముతో తొలగెను. ప్లీడరు, వకీలు, బారిష్టరు అను భేదములను 1961 నాటి అడ్వొకేట్ల చట్టము తుడిచివేసెను. ఇప్పుడు ఇంటర్మీడియెటు పిదప ఐదేండ్లు గాని, డిగ్రీ పిదప మూడేండ్లు గాని చదివి, రాష్ట్ర బార్ కౌన్సిలులో పేరు నమోదు చేయించుకొని, అఖిల భారత బార్ పరీక్ష నెగ్గినవారు ఏ కోర్టుననైన నిలువవచ్చును.

కోర్టు దూరము మాత్రము చట్టముతో తగ్గునది కాదు. 1954లో ఆంధ్ర హైకోర్టు గుంటూరున నెలకొన్నప్పుడు మార్కాపురమువారికి రైలుదారిలోనే ఉండెను. రెండేండ్లకే అది హైదరాబాదుకు తరలెను. 2019లో హైకోర్టు అమరావతికి వచ్చినది గనుక, మరల గుంటూరు వైపు బండియే ఎక్కవలెను.