కుక్కబొమ్మ పెట్టె

ధగధగలాడే ఇత్తడి బాకా గ్రామఫోను చూపించి, "మీ నల్ల సూట్‌కేసు పెట్టె ఇచ్చేయండమ్మా, పైన కాస్త డబ్బు వేస్తే ఇది మీదే" అన్నాడు పాతసామాన్ల వ్యాపారి. ముందు కుక్కబొమ్మ కూడా ఉంది. నా మనసు జారిపోయింది. మా అత్తగారి పెట్టెకి బాకానే లేదు మరి!

ఊరికే బాకా ఎత్తి చూశాను. బిందెంత బరువు! ఆనాటి బాకాలు ఎక్కువగా పల్చని రేకుతో చేసి రంగు వేసినవి, కొన్ని కర్రవి. ఇత్తడివీ లేకపోలేదు గాని, ఇంత మందం ఉండవు. పైగా అసలువాటిలో శబ్దం వెళ్ళే గొట్టం క్రమంగా వెడల్పవుతూ పోతుంది. ఇక్కడేమో కుళాయి గొట్టంలా మొదలూ చివరా ఒకటే లావు.

మరి లోపలి మోటారో? అది నిజంగా పాతదే. అసలు కిటుకంతా అక్కడే ఉంది. 1931లో వచ్చిన 102 మోడల్ లాంటి సూట్‌కేసు గ్రామఫోనులు విప్పేసి, మోటారూ, ముల్లు బిగించే సౌండ్‌బాక్సూ కొత్త చెక్కపెట్టెలో బిగిస్తారు. మా పెట్టె ఎందుకు అడిగాడో అప్పుడర్థమైంది.

ఆ మాటకొస్తే కుక్కబొమ్మా దిద్దిందే. ఫ్రాన్సిస్ బరౌడ్ మొదట గీసింది గొట్టం మీద పాడే ఫోనోగ్రాఫుని. 1899లో గ్రామఫోను కంపెనీవారు దాన్ని చెరిపించి, ప్లేటు తిరిగే యంత్రం వేయించుకున్నారు.

ఇంటికొచ్చి మా పెట్టెకి కీ ఇచ్చాను. చక్కగా తిరిగింది. ముళ్ళ డబ్బీ మాత్రం ఖాళీ.