పాత మానిటర్‌కు ఏ కేబుల్? కొనేముందు రెండు వైపులా చూడండి

కరోనా ఏడాది, 2020 సెప్టెంబర్ 1న సర్కారు బడి పిల్లలకు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు మొదలయ్యాయి. బడులు తెరిచినా చాలా ఇళ్లల్లో తెర మీద చదివే అలవాటు పోలేదు. సిద్దిపేటలో డీఎస్సీకో, గ్రూప్స్‌కో ఇంటి దగ్గరే చదువుకునే అక్కచెల్లెళ్లకు టీ-శాట్ నిపుణ పాఠాలు ఆసరా. చిన్న తెరతో కళ్లు గుంజుతున్నాయని సెకండ్‌హ్యాండ్ మానిటర్ తెస్తారు. తిప్పలు కేబుల్ దగ్గర మొదలైతాయి.

మా ఇంట్లో జరిగిందే చెప్తా. ఆపా కోసం తెచ్చిన మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంది, ల్యాప్‌టాప్‌కు హెచ్‌డీఎంఐ ఒక్కటే. కన్వర్టర్ కొని పెడితే బొమ్మ రాలేదు. తీరా చూస్తే అది వీజీఏను హెచ్‌డీఎంఐగా మార్చేది. మాకు కావాల్సింది దానికి ఉల్టా! పైసలు వాపస్ రాలేదు. "బీకాం చదివినోడివి, ఇదా నీ లెక్క" అని అమ్మీ ఇప్పటికీ అంటుంది.

వీజీఏ 1987లో ఐబీఎం తెచ్చింది. ఎక్కువగా నీలిరంగులో ఉంటుంది, రెండు పక్కలా స్క్రూలు, మూడు వరుసల్లో 15 పిన్నులు. అందులో అనలాగ్ బొమ్మ ఒక్కటే పోతుంది, సౌండ్ పోదు. 2002లో వచ్చిన హెచ్‌డీఎంఐకి 19 పిన్నులు, బొమ్మ, సౌండ్ రెండూ డిజిటల్‌గా పోతాయి. అందుకే ఈ రెండింటి మధ్య ఉత్త వైరు సరిపోదు. లోపల చిప్ ఉన్న కన్వర్టర్ కావాలి, అది ఒకే దిక్కు పనిచేస్తుంది. ప్యాకెట్ మీద మొదట రాసిన పేరు ల్యాప్‌టాప్ వైపు, రెండోది మానిటర్ వైపు అని గుర్తు పెట్టుకోండి. పాఠం మాత్రం ల్యాప్‌టాప్ స్పీకర్లోనే వినాలి.

మానిటర్‌కు డీవీఐ-డీ కూడా ఉంటే అదృష్టమే. చిప్ అక్కర్లేదు, హెచ్‌డీఎంఐ నుంచి డీవీఐకి మామూలు కేబుల్ చాలు.

రెండూ హెచ్‌డీఎంఐ అయితే 'హై స్పీడ్' అని రాసిన కేబుల్ ఫుల్ హెచ్‌డీకి సరిపోతుంది. 'అల్ట్రా హై స్పీడ్' 8కే లాంటి తెరలకు. బంగారు పూత ఉందని ఎక్కువ అడిగితే ఇవ్వకండి, దానితో బొమ్మ ఇంకా బాగా రాదు.

ఫోన్‌కు టైప్-సీ ఉంది కదా అని దాని కేబుల్ కొనకండి. చాలా చౌక ఫోన్ల టైప్-సీలో వీడియో బయటకు రాదు. 'డిస్‌ప్లేపోర్ట్ ఆల్ట్ మోడ్' ఉందో లేదో ఫోన్ వివరాల్లో చూడండి. దుకాణానికి పోయే ముందు మానిటర్ వెనక, ల్యాప్‌టాప్ పక్కన ఉన్న పోర్టుల ఫోటో తీసుకుని వెళ్లండి. వీలైతే ల్యాప్‌టాప్ కూడా పట్టుకెళ్లి అక్కడే పెట్టి చూపించమనండి.